స్టేషను దాకా వినపడే గొంతు

క్రిస్మసు ముందు ఆగమన కాలంలో నేను మా గుడిలో ప్రవక్త పాఠం చదువుతుంటే బేతంచెర్ల స్టేషనులో రైలు కోసం కూర్చున్నవాళ్ళు మాటలాపి వినేవాళ్ళు. ఇది నేను గొప్పకు చెప్పుకుంటున్నది కాదు, ఊరంతా చెప్పుకున్నదే. ఒకసారి గూడ్సు బండి గార్డు పచ్చజెండా ఊపబోయి, నా గొంతు చెవిన పడి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపేశాడు. నేను పాఠం ముగించి గ్రంథం మూసిన తర్వాతే ఆ బండి కదిలింది. మైకు లేదు, బాక్సులు లేవు. దేవుడిచ్చిన గొంతు, మా ఊరి బండలతో కట్టిన గోడలు, అంతే.

ఆ గార్డు సంగతి కాసేపాగి మళ్ళీ చూద్దాం. ముందు నా అనుమానం సంగతి చెప్పాలి.

నా బతుకంతా బండల మధ్యే గడిచింది. పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఏరే పని నాది. గని నుంచి వచ్చి లారీ దిగిన బండను వేలి కణుపుతో కొట్టి చూస్తే చాలు, దాని గుణం తెలిసిపోతుంది. మంచి బండ ఖంగుమంటుంది. లోపల నెర్రె ఉన్న బండ పైకి ఎంత నున్నగా ఉన్నా మూగగా పలుకుతుంది. చేతులు పని మానేశాయి గానీ ఆ అలవాటు మానలేదు. ఇప్పుడు మనుషుల మాటలను అట్లా కొట్టి చూస్తాను. ఎవరైనా ఊరికే నవ్వినా, అడక్కుండా సాయం చేసినా, ప్రార్థనలో మామూలు కంటే ఎక్కువసేపు ఏడ్చినా, లోపల నెర్రె ఎక్కడుందా అని వెతుకుతాను. ఇన్నేళ్ళలో నన్ను ఏ బండా, ఏ మనిషీ మోసం చేయలేదని గుడి కమిటీలో చాలాసార్లు చెప్పాను. మా ఇంటి ముందు గదిలో మంచం కింద ఒక పగిలిన బండ ఉన్న మాట నిజమే. దాన్ని ఏరి తెచ్చింది కూడా నేనే. మంచం ఆ మూలకు ఎందుకు జరిపామని ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

అనుమానం పాపమని మా గుడి పాత పాస్టరు అయ్యగారొకరు ప్రసంగం చేశారు. నేను ఒప్పుకోలేదు. క్రిస్మసుకు ముందు వచ్చే ఈ నాలుగు వారాల పాఠాలు చూడండి, అనుమానపు మనుషులు తప్ప ఎవరున్నారు? దేవాలయంలో ధూపం వేస్తున్న ముసలి జెకర్యా, ఎదురుగా దూత నిలబడి కొడుకు పుడతాడని చెబితే, నమ్మేదెట్లా అని గుర్తు అడిగాడు. చెరసాలలో ఉన్న యోహాను, వచ్చేవాడు నువ్వేనా, ఇంకొకడి కోసం చూడాలా అని మనుషుల్ని పంపి విచారించాడు. యోసేపు అయితే సరేసరి. కాబోయే భార్యనే అనుమానించాడు. అయినా గ్రంథం అతన్ని నీతిమంతుడనే అంది. నేను ఆ మాట మీద వేలు పెట్టి చూపించేవాణ్ణి. అనుమానించి కూడా నీతిమంతుడుగా ఉండొచ్చని లేఖనమే చెబుతుంటే మధ్యలో మీరెవరు అనేవాణ్ణి. అదే వాక్యంలో తర్వాతి ముక్క, అంటే ఆయన ఆమెను నలుగురిలో అవమానం చేయదలచలేదన్న ముక్క మీదికి మాత్రం నా వేలు పోయేది కాదు.

మైకు గొడవ కూడా ఈ అనుమానం దగ్గరే మొదలైంది. రెండు మూడేళ్ళుగా మా కమిటీలో ఎవరో ఒకరు, గుడికి మైకు పెడదామనేవాళ్ళు. నేను అడ్డం పడేవాణ్ణి. దేవుని వాక్యానికి కరెంటెందుకు అనేవాణ్ణి. లోపల నా లెక్క వేరే. మైకు ఉంటే దోమ గొంతు ఉన్నవాడు కూడా పాఠం చదవొచ్చు. అప్పుడు నేనెందుకు? పాఠం చదివేవాడు నిలబడే ఆ మెట్టు నుంచి నన్ను దింపడానికి వేసిన ఎత్తు ఇదని నాకు గట్టి నమ్మకం. అందుకే మైకు మాట ఎత్తిన ప్రతివాడి మొహం గుర్తు పెట్టుకున్నాను.

పోయిన డిసెంబరులో, ఆగమన కాలంలో వారానికొకటిగా గుడిలో వెలిగించే నాలుగు కొవ్వొత్తుల్లో మొదటిది వెలిగించిన వారం, మా ఇంటి దండెం మీద తెల్ల చీర కనిపించింది.

అది మా ఆవిడ సంస్కారపు చీర. నెలకొకసారి ప్రభువు బల్ల దగ్గరికి పోయే ఆదివారం తప్ప అది పెట్టెలోంచి బయటికి రాదు. ఆ రోజు శుక్రవారం. చీర మొత్తం తడిసి, కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను దండెం కింద నిలబడి చాలాసేపు చూశాను. నా అనుమానం లేచి కూర్చుంది.

ఎందుకంటే, మా సంఘంలో చంటిపిల్లలప్పుడే నెత్తి మీద నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇస్తారు. ఫ్యాక్టరీల వెనక సందులో కొత్తగా లేచిన రేకుల మందిరం వాళ్ళకు ఆ చిలకరింపు లెక్కలోకి రాదు. వాళ్ళ దగ్గరికి పోయిన ఆడవాళ్ళకు తెల్లచీర కట్టించి నీళ్ళ తొట్టిలో నిలువునా ముంచుతారు. మునిగి లేచిన మనిషి ఇక వాళ్ళ మనిషి. అట్లా మా గుడి నుంచి ఇప్పటికే కొన్ని కుటుంబాలు పోయాయి. పోయినవాళ్ళను నేను కమిటీలో పేరు పేరునా దులిపాను. ఇప్పుడు నా ఇంటి దండెం మీదే తడి తెల్లచీర.

లోపలికి పోయాను. ఆవిడ గోడ వైపు తిరిగి చేటలో జొన్నలు ఏరుతోంది.

“యాడికి పోయింటివి?” అన్నాను వెనక నుంచి.

జవాబు లేదు. మళ్ళీ అడిగాను. లేదు. జొన్నల్లో రాయి దొరికితే తీసి పక్కన పెట్టిందే తప్ప తల తిప్పలేదు. నేను ముందుకు పోయి నిలబడితే అప్పుడు తలెత్తింది.

“పొద్దున యాడికి పోయింటివంటాండా.”

“ఆడోళ్ళ కూడికకు.”

ఆ మాట చెప్పేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. నా నోటి వైపే చూసింది. తప్పు చేసినవాళ్ళు కళ్ళలోకి చూడరని నాకు బాగా తెలుసు. బండ మూగగా పలికిందనుకున్నాను.

మర్నాడు గుడికి పోయాను. మా కొత్త అయ్యగారు కుర్రాయన, మర్యాదస్తుడు. బల్ల మీద ఆగమన కాలపు ఊదారంగు గుడ్డ సర్దుతున్నాడు.

“అయ్యగారూ, ఆడోళ్ళ కూడిక శుక్రవారానికి మార్చినారా?” అన్నాను ఏమీ ఎరగనట్టు.

“లేదు పెద్దాయనా, ఎప్పట్లాగా బుధవారమే” అన్నాడు. అన్నవాడు నా మొహం చూసి ఏదో చెప్పబోయి ఆగాడు. మళ్ళీ గుడ్డ వైపు తిరిగి, ఏ ముడతా లేని చోట ముడతలు తీయడం మొదలుపెట్టాడు. ఈయనకూ ఏదో తెలుసు. అందరికీ తెలుసు, నాకు తప్ప.

ఆ రోజు సాయంత్రమే భాయ్ దగ్గరికి పోయాను. భాయ్ నా పాత స్నేహితుడు. ఇద్దరం ఒకే పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళం. ఇప్పుడు ఆయన కొడుకులు సొంతంగా పాలిష్ యూనిట్టు నడుపుతున్నారు. ఈయన గేటు పక్కన కుర్చీ వేసుకొని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తుంటాడు. ఆ గేటు ముందు నుంచే రేకుల మందిరానికి దారి.

“ఏమప్పా, మొగం అట్ల పెట్టుకున్యావు? క్రిస్మసు కేకు మాడిపాయనా?” అన్నాడు.

“భాయ్, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. మా ఇంట్లో మనిషి ఈ సందులో యాడన్నా కనపడిందా?”

“వదినమ్మా? శుక్రవారం శుక్రవారం పోతాంటాది గదా. నేను నమాజుకు బయల్దేరే టయానికి ఆమె తిరిగొస్తాంటాది. సలాం చెప్తే నవ్వుతాది.”

“శుక్రవారం శుక్రవారమా! ఎన్నాళ్ళ నుంచి?”

“ఎండాకాలం నుంచి చూస్తాండా. నీకు తెలీదా?” నా మొహం చూసి ఆయనకు నవ్వొచ్చింది. “ఓరి నీ పాసుగాల! ఊళ్ళో అందరి గుట్టూ నీకే తెలుసంటివే!”

“నవ్వద్దు భాయ్. ఆమె ఆ తొట్టిలో మునిగిందేమో కనుక్కోవల్ల.”

“మునిగితే ఏమప్పా? నీళ్ళేగదా, తుడుచుకుంటాది.”

భాయ్‌కి ఇందులో ఉన్న ప్రమాదం తెలియదు. గుడి కమిటీలో ఉండే మనిషి భార్య రెండోసారి బాప్తిస్మం తీసుకుందంటే ఆ మనిషి రేపటి నుంచి ఏ మొహంతో నిలబడి పాఠం చదువుతాడు? చెప్పొద్దూ, అప్పుడు నేను ఆలోచించింది ఆమె ఆత్మ గురించి కాదు, నా మెట్టు గురించే.

ఆ వారమంతా ఇంట్లో యోసేపు కథ గట్టిగా చదివాను. ఆమె వినాలని అనుమానం వచ్చే భాగాన్ని రెండు మూడుసార్లు చదివాను. ఆమె వంటింట్లో వంకాయలు తరుగుతూ ఏదో పాట గొణుక్కుంటోంది. నా చదువుకు కాస్త కూడా తడబడలేదు. ఎంత గుండె నిబ్బరం, అనుకున్నాను.

తర్వాతి శుక్రవారం ఆమె తెల్లచీర కట్టుకొని బయల్దేరగానే నేను వెనకాలే పోయాను. దాక్కోవాల్సిన పని కూడా పడలేదు. చెప్పులు టపటపలాడుతున్నా, ఒకసారి దగ్గొచ్చినా, ఆమె వెనక్కి తిరగలేదు. ఆ సందులో పాలిష్ మిషన్ల నుంచి పారే నీళ్ళు పాలలాగా తెల్లగా, చిక్కగా, దారికి అడ్డంగా పోతుంటాయి. ఆమె కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని దాటింది. అయినా చీర అంచుకు రాతిబురద అంటింది. లారీ ఒకటి పక్కనుంచి పోతూ వీపు మీద కూడా చల్లింది. నేను భాయ్ గేటు దాటి, మందిరం పక్కన పోసిన పగిలిన బండల కుప్ప మీద కూర్చున్నాను. అక్కడి నుంచి తలుపులోపలికి కనిపిస్తుంది.

తొట్టి ఉంది. ఒక మూలకుంది. దాన్లో నీళ్ళు లేవు. మడిచిన పట్టలూ, ఒక పాత సీలింగు ఫ్యానూ ఉన్నాయి.

ఉపవాస ప్రార్థనంట. ఆడవాళ్ళంతా తెల్లచీరల్లో పట్టల మీద కూర్చున్నారు. మా ఆవిడ పోయి పోయి స్పీకరు బాక్సు పక్కనే, దానికి చెవి ఆనించినంత దగ్గరగా కూర్చుంది. రాయచోటి వైపు నుంచి వచ్చిన ప్రసంగీకుడు మైకు పట్టుకొని జెకర్యా కథ మొదలుపెట్టాడు. బండల కుప్ప మీద కూర్చున్న నాకే చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆమె మాత్రం కళ్ళు మూసుకుంది. ఆయన వాక్యం చదువుతుంటే ఆమె పెదాలు దానితో పాటే కదులుతున్నాయి. ముసలి యాజకుడు నమ్మకపోయేసరికి నోరు పడిపోయిందనీ, దేవాలయంలోంచి బయటికి వచ్చి జనానికి చేతులతో సైగలు చేశాడనీ చెప్పినప్పుడు ఆమె మొహంలో చిన్న నవ్వొచ్చింది. మా గుడిలో ఆమె అట్లా నవ్వడం నేను ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు.

అయినా నాకు అర్థం కాలేదు. మందు పెట్టారనుకున్నాను.

ప్రార్థన అయిపోయి ఆమె బయటికొచ్చింది. బండల కుప్ప మీద నన్ను చూసింది. ఉలిక్కిపడుతుందేమో అనుకున్నాను. పడలేదు. దగ్గరికొచ్చి పక్కనే ఇంకొక బండ మీద కూర్చుంది.

“మునిగినావా?” అన్నాను.

నా నోరు చూసింది. “గట్టిగా చెప్పు.”

“బాప్తిస్మం తీసుకుంటివా అంటాండా!”

“ఈ చలికాలం నీళ్ళల్లో మునిగి చచ్చేదానికా? ఒకసారి ఇచ్చినారు గదా చిన్నప్పుడు. అది చాల్దా?”

“మరి చీర ఎందుకు తడిసిండె?”

ఆమె అంచు పట్టుకొని చూపించింది. ఎండిన చోట రాతిబురద సున్నంలాగా తెల్లగా పెళుసుబారింది. “ఎప్పుడూ నువ్వు ఇంట్లో లేని టయంలో ఉతికి ఆరేస్తాంటి, ఆ పొద్దు నీ కంట పడె. దీన్ని ఉతక్కుండా పెట్టెలో పెడితే నువ్వు చూసి ఊరంతా దండోరా ఎయ్యవా?”

“అయితే ఈడికి ఎందుకొచ్చినావు? మన గుళ్ళో దేవుడు లేడా?”

ఆమె అంచుకు ఎండిన బురదను గోటితో గీకుతోంది. వినపడలేదేమో అనుకొని మళ్ళీ అడగబోయాను.

“వినపడింది” అంది. “ఈడ నాకు వినపడతాది. అంతే. నీ గుళ్ళో నాకు ఒక్క ముక్క వినపడదు. శానా దినాల నుంచి. అందరూ లేస్తే లేస్తా, కూర్చుంటే కూర్చుంటా, ఆమెన్ అంటే నోరు కదిలిస్తా.”

“నాతో చెప్పల్ల గదా!”

“ఏం చెప్పల్ల? నా గొంతు స్టేషను దాకా పోతాదని ఊరంతా చెప్పుకుంటాంటివి. పక్కలో ఉండే దానికే పోలేదని చెప్తే నీకెట్లుండు? చెవులకు కర్నూలులో డాక్టరుకు చూపించుకుంటా, పండగ పోనీ. అంతదాకా వాక్యం లేకుండా ఎట్ల ఉండేది? పెండ్లయి మైదుకూరు నుంచి ఈడికొచ్చిన కాడి నుంచి ఏ యేడూ యెషయా ప్రవక్త పాఠం వినకుండా క్రిస్మసు చెయ్యలేదు నేను. వినపడని గుళ్ళో ఊరికే కూర్చోనుండేదానికి నేనేమన్నా బండనా?”

నేను అలవాటు కొద్దీ కూర్చున్న బండను కణుపుతో కొట్టాను. అది ఎట్లా పలికిందో నాకు పట్టలేదు.

విశ్వాసం వినడం వల్ల కలుగుతుందని పౌలు రాసిన మాట మీద నేను ఎన్ని సాక్ష్యాలు చెప్పానో లెక్క లేదు. చెప్పేటప్పుడు నా చూపంతా చెప్పేవాడి మీదే, అంటే నా మీదే. వినేవాళ్ళకు వినపడుతోందా అని ఒక్కసారి కూడా ఆగి చూడలేదు. వెనక నుంచి పిలిస్తే పలకని మనిషిని, నోరు చూసి మాట పట్టుకునే మనిషిని దొంగ అనుకున్నాను. మూగగా పలికింది ఆమె కాదేమో, నా కణుపే మొద్దుబారిందేమో. యోసేపుకు కలలో దూత వచ్చి చెప్పాడు. నాకైతే రేకుల మందిరం స్పీకరు బాక్సు చెప్పాల్సి వచ్చింది. జెకర్యాకు కొడుకు పుట్టిందాకా నోరు రాలేదు. ఆ తొమ్మిది నెలలూ ఇంట్లో ఆయన ముసలి భార్య ఎలీసబెతు ఎంత సుఖపడిందో గ్రంథం చెప్పలేదు. ఇప్పుడు ఊహించుకోగలను.

ఇక గార్డు సంగతి. నిజం చెప్పేస్తాను. ఆ గార్డు నా గొంతు విని చెయ్యి ఆపలేదు. అసలు బండి దిగి మా గుడి దాకా వచ్చాడు, తాగడానికి నీళ్ళు కావాలని. బండికి సిగ్నలు పడలేదంట. నేను పాఠం చదువుతుండగా వాకిట్లో నిలబడ్డాడు. చెంబెత్తి నీళ్ళు తాగుతుంటే నాకు ఆ చెయ్యి కనిపించింది. స్టేషనులో నా గొంతు ఎవరికీ వినపడలేదు. రైలు కూత వేసిందంటే గుడిలో నా గొంతు నాకే వినపడేది కాదు.

ఆ తర్వాతి ఆదివారం, మూడో కొవ్వొత్తి వెలిగించిన రోజు, ఆరాధన అయ్యాక మైకు మాట వచ్చింది. నేనే లేచి నిలబడ్డాను. మన గుడికి మైకు కావాలి, వినపడనివాళ్ళు ఉన్నారు, ఇన్నాళ్ళూ అడ్డం పడింది నేనే, అన్నాను. నమ్ముతారా, ఒక్కరూ నమ్మలేదు. ఇందులో ఏదో ఉంది అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళు నేను వాళ్ళను చూసిన చూపుతోనే వాళ్ళు నన్ను చూశారు. తప్పు పట్టడానికి లేదు. మైకు భాయ్ ఇచ్చాడు, కొడుకు పెండ్లికి కొన్నది. నాలుగో ఆదివారం నేను యెషయా పాఠాన్ని మెల్లగా, ఇంట్లో పక్కన కూర్చున్న మనిషికి చెప్పినంత మెల్లగా చదివాను. చీకట్లో నడిచేవాళ్ళు గొప్ప వెలుగు చూసిన చోటుకు వచ్చేసరికి ముందు వరసలో బాక్సు పక్కన మా ఆవిడ పెదాలు నా గొంతుతో పాటు కదులుతున్నాయి. మెట్టు దిగి వచ్చాను. ఆ మెట్టు మీద ఇంకెవరు నిలబడినా నాకు ఫరవాలేదనిపించింది.

ఇదంతా రాసి ఆవిడకు ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకొని, గడపలో కూర్చొని, నిదానంగా చదివింది. చివరికొచ్చి కాగితాలు నా ఒళ్ళో పడేసింది.

“మైకు అడిగింది నువ్వు కాదు, నేను. మొదటి కొవ్వొత్తి ఆదివారమే అయ్యగారికి చెప్తి, పండగ లోపల మైకు పెట్టకుంటే ఇంక ఈ గుడికి రానని. ఆయప్ప నీకు భయపడి రెండు వారాలు నోరెత్తలేదు. ఆ పొద్దు మాట ఎత్తింది కూడా ఆయప్పే. నువ్వు లేచింది మైకు కావాలనేదానికి కాదు, వద్దనేదానికి. ‘మా ఆడమనిషికి ఇంటికాడ నేనే గట్టిగా చదివి వినిపిస్తా, గుడికంతా మైకెందుకు’ అంటివి. నేను లేచి, ‘కూర్చో’ అంటే కూర్చుంటివి. ఇంగ మెల్లగా చదివినావా? మైకు మూతికాడ పెట్టుకొని కూడా స్టేషనుకు వినపడేట్టు అరిస్తివి. నాకొక్కదానికే బాగుండె. తక్కినోళ్ళంతా చెవులు మూసుకున్యారు.”